మా లెక్కల గుంట

దాని పేరు ఇక్కడ రాయడం లేదు. రాయాలనే ఉంది, కానీ దాని కూతురికి సంబంధాలు చూస్తున్నారు. తల్లి కిడ్నీ జబ్బుతో పోయిందని, అంతకుముందు తాత కూడా అలాగే పోయాడని తెలిస్తే వచ్చిన సంబంధం వచ్చిన దారినే పోతుంది. ఉద్దానంలో ఇది కొత్త సంగతేమీ కాదు. మా ఊళ్ళ పిల్లని చేసుకోవాలన్నా, మా ఊళ్ళకి పిల్లనివ్వాలన్నా బయటివాళ్ళు వెనకాడటం మొదలై చాలా ఏళ్ళయింది. అందుకని పేరు వద్దు. బళ్ళో మేమంతా దాన్ని లెక్కల గుంట అనేవాళ్ళం. మా శ్రీకాకుళం వైపు గుంట అంటే ఆడపిల్ల. ఆ పేరుతోనే రాస్తాను.

మాది కవిటి మండలం. 1994లో టెన్త్ పాసైన బ్యాచ్. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, ఈ ఏడు మండలాల్ని కలిపి ఉద్దానం అంటారు. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు దూరంగా మహేంద్రగిరి, మధ్యలో ఎక్కడ చూసినా కొబ్బరి, జీడిమామిడి, పనస. బయటినుంచి వచ్చినవాళ్ళు చూసి ఇంకో కోనసీమలా ఉందంటారు. ఈమధ్య అలా అనడం మానేశారు. ఇప్పుడు ఉద్దానం అనగానే "అయ్యో, కిడ్నీలు కదా" అంటారు. విశాఖలో నేను పనిచేసే స్కూల్లో కూడా, మాది ఫలానా వైపు అని చెప్పిన మొదటిరోజే ఒకావిడ నా కాళ్ళవైపు చూసింది, వాచి ఉన్నాయేమో అని.

ఆ చూపు లెక్కల గుంటకి అస్సలు పడేది కాదు. అందుకే ముందు జబ్బు సంగతి కాకుండా దాని సంగతి చెప్తాను.

లెక్కల మాస్టారు బోర్డు మీద బారువడ్డీ లెక్క రాస్తూ ఉండగానే వెనక బెంచీలోంచి జవాబు వచ్చేసేది. వాళ్ళమ్మ తోటల్లో జీడి పిక్కలు కొని పలాస వ్యాపారులకి వేసేది. ఆవిడకి చదువు రాదు. తూకం, ధర, పాత బాకీ, వడ్డీ, అన్నీ ఇదే నోటితో చెప్పేది. ఆరో తరగతికి వచ్చేసరికే చక్రవడ్డీ అంటే ఏంటో దానికి మాస్టారికంటే బాగా తెలుసు, ఎందుకంటే వాళ్ళింటికి వచ్చి అరుగు మీద కూర్చునేవాడు ఒకడు ఉండేవాడు. జామెట్రీ మాత్రం దానికి నచ్చేది కాదు. రెండు త్రిభుజాలు సమానమని నిరూపించు అంటే, "కనబడతానే ఉంది కద సార్, ఇందల నిరూపించీదేటి?" అనేది. మాస్టారు బెత్తం పైకెత్తి, నవ్వొచ్చి దించేసేవారు. హిందీ సంగతి చెప్పకపోతేనే మంచిది. పరీక్షలో నా పక్కన కూర్చుంది కాబట్టి గట్టెక్కింది.

వేసవిలో జీడి పిక్కలు కాల్చడం మా అందరికీ పండగ. ఆ పనిలో అదే మేస్త్రీ. పాత రేకు డబ్బాకి అడుగున మేకుతో చిల్లులు పొడిచి, మూడు రాళ్ళ పొయ్యి మీద పెట్టి, పిక్కలు పోసి పొడుగాటి కర్రతో తిప్పేది. కాసేపటికి పెంకుల్లోంచి నూనె చిమ్ముతుంది, చిమ్మిన నూనె మంటందుకుంటుంది, డబ్బా మొత్తం భగ్గుమంటుంది. నల్లటి పొగ. ఆ నూనె చుక్క ఒంటిమీద పడిందంటే చర్మం ఊడి వస్తుంది, మచ్చ పోదు. మేం దూరంగా జీడి చెట్టు వెనక్కి పోయి నిలబడేవాళ్ళం. అది గాలివాటం చూసుకుని పొగ తగలని వైపు నిలబడి, పెదాలు కదుపుతూ లోపల లోపల అంకెలు లెక్కపెట్టేది. ఎంతవరకు లెక్కపెట్టేదో ఎవరికీ చెప్పలేదు. ముందే తీస్తే పెంకు పగలదు, ఒక్క నిమిషం ఆలస్యమైతే పప్పు మాడి బొగ్గవుతుంది. దాని లెక్క పూర్తవగానే కర్రతో డబ్బా బోర్లా తన్ని, పిక్కలమీద ఇసక పోసేసేది. మంట ఆరిపోయేది. ఆ తరవాత ఒక్కో పిక్కనీ రాయిమీద నిలబెట్టి ఒకే ఒక్క దెబ్బ. పప్పు గుండుగా బయటికి రావాలి, బద్దలు కాకూడదు. ఎవరు ఎన్ని పిక్కలు తెచ్చారో దాని బుర్రలో ఉండేది. పప్పు ఆ లెక్కనే పంచేది. కాల్చినందుకు కూలి కింద అందరి వాటాలోంచీ కొంచెం కొంచెం తీసుకునేది. అడిగితే, "మరి సెయ్యి కాలితే మీరు తెస్తారేటి మందు?" అనేది. దాని ఎడం చెంప మీద పెసరగింజంత నల్లమచ్చ ఉండేది. అది అలా వచ్చిందే.

టెన్త్‌లో లెక్కల్లో దానికి వచ్చినన్ని మార్కులు మా స్కూల్లో అంతకుముందు ఎవరికీ రాలేదని మాస్టారు చెప్పుకునేవారు. ఎంపీసీ చదువుతానంది. కానీ ఆ ఏడే వాళ్ళ నాన్న మంచం పట్టాడు. ఆ రోజుల్లో కిడ్నీ అన్న మాట మా ఊళ్ళో ఎవరి నోటా వినేవాళ్ళం కాదు. ఆకలి లేదు, నీరసం, ఒళ్ళంతా దురద, మనిషి నల్లబడిపోవడం. బరంపురం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు, అక్కణ్ణుంచి విశాఖ. ఉన్న ఎకరం తోట పోయింది. తరవాత మనిషీ పోయాడు. నేను ఇంటర్‌కి శ్రీకాకుళం వెళ్ళాను, అది పలాసలో జీడి బట్టీకి పనికి వెళ్ళింది.

పలాస కాశీబుగ్గలో జీడి పరిశ్రమలు ఎన్నో ఉన్నాయి. అక్కడ పనిచేసేది ఎక్కువగా ఆడవాళ్ళే. పిక్క కొట్టడం, పొట్టు తీయడం, గ్రేడింగ్. పిక్క కొట్టేవాళ్ళ వేళ్ళు జీడి నూనెకి నల్లబడిపోయి, చివర్లు పగిలి, వేలిముద్రలు అరిగిపోతాయి. దీన్ని కొన్నాళ్ళకి గ్రేడింగ్‌లో వేశారు. సెలవులకి నేను ఊరొచ్చినప్పుడు నాకు పాఠం చెప్పింది. జీడిపప్పు పెట్టె మీద డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అని ఉంటుంది చూశారా, ఆ నంబరు పౌనుకి ఎన్ని గుండ్లు తూగుతాయన్న లెక్క. నంబరు పెరిగేకొద్దీ పప్పు చిన్నది. "పప్పు సూసి నంబరు సెప్పీగలను. తూకమెందుకు?" అనేది. నేను నమ్మకపోతే పందెం కట్టింది. నా చేతిలో పది పైసలు కూడా లేవు కాబట్టి పందెం జరగలేదు. జరిగితే అదే గెలిచేది, అందులో నాకు అనుమానం లేదు.

పెళ్ళి సోంపేట మండలంలోనే. వాళ్ళాయన వెల్డర్. కొన్నాళ్ళు గల్ఫ్, కొన్నాళ్ళు ఇంటిదగ్గర. అరవై దాకా కొబ్బరి చెట్లు. ఇద్దరు పిల్లలు. నా బీఈడీ, ఉద్యోగం, నా పెళ్ళి, ఇవన్నీ నడిచిన ఏళ్ళలో మేం పెద్దగా కలవలేదు. సెల్‌ఫోన్లు చేతికొచ్చాకే మళ్ళీ మాటలు మొదలయ్యాయి. ఫోన్ ఎత్తగానే హలో ఉండదు. "ఏటే, తిన్నావా?" అంటుంది, జవాబు వినకుండానే అసలు సంగతిలోకి దిగుతుంది.

2017 జనవరిలో పవన్ కల్యాణ్ ఇచ్ఛాపురం వచ్చి కిడ్నీ బాధితులతో మాట్లాడాక మా ఊళ్ళకి టీవీలవాళ్ళు వరస కట్టారు. తరవాత వైద్య శిబిరాలు జోరందుకున్నాయి. అలాంటి ఒక శిబిరంలోనే దీనికి రక్తపరీక్ష చేశారు, క్రియాటినిన్ ఎంతుందో చూడ్డానికి. కిడ్నీలు దెబ్బతినేకొద్దీ రక్తంలో ఆ అంకె పెరుగుతుంది. అప్పటికి దీనికి ఏ బాధా లేదు. ఆ జబ్బుతో ఇదే తంటా. బీపీ ఉండదు, షుగర్ ఉండదు, నొప్పి ఉండదు. తెలిసేసరికి సగం పైన అయిపోయి ఉంటుంది. రిపోర్టు చేతికిచ్చిన నర్సుని, ఎంత ఉండాలి అని అడిగిందట. ఒకటీ పాయింటు రెండు దాటకూడదమ్మా అంది ఆవిడ. దీనికి మూడూ పాయింటు ఎనిమిది. సాయంత్రం నాకు ఫోన్ చేసి చెప్పిన మొదటి మాట: "పంతొమ్మిదికి ఆరు."

నాకు అర్థం కాలేదు.

"నిష్పత్తే. నాకున్నదానికీ ఉండాల్సినదానికీ. సోషల్ టీచరువి, నీకేటి తెలుస్తాది."

ఆ తరవాత కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. వాళ్ళ నాన్న సంగతి ఇద్దరికీ తెలుసు.

ఎందుకొస్తుందీ జబ్బు? దీనికి జవాబు చెప్పగలిగినవాళ్ళు ఇంకా లేరు. విశాఖ కేజీహెచ్‌లో పనిచేసిన డాక్టర్ రవిరాజు గారి లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి తిరిగి పరీక్షలు చేశారు. పెద్దవాళ్ళలో దాదాపు ఐదో వంతు మందికి కిడ్నీలు ఎంతో కొంత దెబ్బతిన్నాయని తేలింది కానీ మూలం దొరకలేదు. నీళ్ళలో సిలికా అన్నారు, భార లోహాలు అన్నారు, పురుగుమందులు అన్నారు, ఎండలో నీళ్ళు తాగకుండా పనిచేయడం అన్నారు, నొప్పి బిళ్ళలు అన్నారు, వంశపారంపర్యం అన్నారు. శ్రీలంకలో వరి పండించేవాళ్ళకీ, అక్కడెక్కడో మధ్య అమెరికాలో, ఎల్ సాల్వడార్, నికరాగువాల్లో చెరకు కొట్టేవాళ్ళకీ ఇలాంటి జబ్బే ఉంది. ఇది నేను చదివి చెప్తే శ్రద్ధగా విని, "అన్ని కారణాలు సెప్తన్నారంటే ఒక్కటీ తెలవదన్నమాటే. తెలిస్తే ఒక్కటే సెప్తారు" అంది. ఎల్ సాల్వడార్ పేరు మాత్రం పట్టుకుంది. తరవాత డయాలసిస్ సెంటర్‌లో కొత్తవాళ్ళు ఎవరైనా ఏడుస్తుంటే, మనకి అమెరికా పక్కన చుట్టాలున్నారని చెప్పేదట.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. దసరా రోజులు. ఉద్దానంలో లక్షల చెట్లు పడిపోయాయి. దీని అరవై చెట్లలో పదకొండు మిగిలాయి. కరెంటు రోజుల తరబడి లేదు. ఫోన్ కలిసిన రోజున చెట్ల లెక్క చెప్పింది, కొత్త మొక్క కాపుకి రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో చెప్పింది. "అప్పటికి నాను లేకపోతే కాయలు లెక్కెట్టీదెవరే?" అంది, బెంగగా కాదు, పనిమనిషి మానేస్తే ఎలా అన్నట్టు.

సంక్రాంతి వెళ్ళాక డయాలసిస్ మొదలైంది. ఒకప్పుడైతే దీనికి విశాఖ వరకు పోవాలి, రైలు ప్రయాణమే మూడు గంటలు దాటుతుంది, తోడు మనిషి, తిండి, బస. ఇళ్ళు అమ్ముకున్నది అందుకే. ఇది అదృష్టవంతురాలు, సోంపేటలోనే డయాలసిస్ మొదలయ్యాక దీని వంతు వచ్చింది. ఒక్కోసారికి నాలుగు గంటలు. ఎడం చేతికి ఫిస్టులా వేశారు, అంటే మిషనుకి రక్తం బాగా అందేలా చేతిలో రెండు రక్తనాళాల్ని కలిపి కుట్టడం. ఆ చేతికి గాజులు ఉండకూడదు, బరువు ఎత్తకూడదు, బీపీ పట్టీ కట్టకూడదు. పెళ్ళయిన ఆడది ఒక చేతికి గాజుల్లేకుండా తిరిగితే చుట్టాలు గుసగుసలాడారు. ఇది కుడిచేతికి రెండు డజన్లు వేసుకుంది, "మొత్తం లెక్క సరిపోయింది కదా" అని.

నేను వెళ్ళినప్పుడు నా వేళ్ళు పట్టుకుని ఆ ఫిస్టులా మీద పెట్టింది. చర్మం కింద నరం తాడులా ఉబ్బి ఉంది, దానిపైన సూదులు గుచ్చిన మచ్చలు వరసగా. వేళ్ళ కింద జుమ్మని ఒకటే అదురు, సీసాలో తుమ్మెదని పట్టి మూత పెట్టినట్టు. నేను చెయ్యి లాక్కోబోతే వదల్లేదు. "ఇదాగిపోతేనే భయపడాలి. రోజూ పొద్దున్న లేవగానే సెవికాడ ఎట్టుకుని ఇంటాను" అంది.

ఇక తిండి. డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకి పొటాషియం ఎక్కువున్నవి పడవు, గుండె ఆగిపోయే ప్రమాదం. కొబ్బరి నీళ్ళు వద్దు. పనస వద్దు. జీడిపప్పు వద్దు. అరటి, మామిడి వద్దు. టమాటా, ఆకుకూరలు తగ్గించాలి, కూరగాయలు ఉడకబెట్టి ఆ నీళ్ళు పారబోసి వండుకోవాలి. డాక్టరమ్మ కాగితం మీద రాసిచ్చిన ఆ పట్టీ నాకు చూపించింది. మా ఉద్దానంలో పండేవి ఏంటి అని నేను క్లాసులో పిల్లల్ని అడిగితే సరిగ్గా ఆ పట్టీయే చెప్తారు. పెరట్లో పనసచెట్టు కాళ్ళకి అడ్డంపడేలా కాసేది. పనసపొట్టు కూర అంటే ప్రాణం పెట్టే మనిషి. ఆవ పెట్టిన పొట్టు కూర వాసన వస్తే వీధిలోకి వెళ్ళి కూర్చునేదట, అది కూడా చుట్టాలొచ్చినప్పుడు ఇది స్వయంగా వండి పెట్టాకే.

దీనికి తోడు మా వైపు మర్యాద ఒకటుంది. జబ్బుమనిషిని చూడ్డానికి వెళ్తే ఖాళీ చేతులతో వెళ్ళరు, నాలుగు కొబ్బరి బొండాలు పట్టుకెళ్తారు. కిడ్నీ పేషెంటుకి బొండాం నీళ్ళు విషంతో సమానమని ఎంత చెప్పినా ఎవరూ మానరు. గుమ్మం పక్కన ఎప్పుడూ బొండాల గుట్ట ఉండేది. చూడ్డానికి వచ్చినవాళ్ళకే అవి కొట్టించి ఇచ్చేది. వాళ్ళు మొహమాటంగా తాగుతుంటే, "కానీ, కానీ, నా వాటా కూడా మీదే" అనేది. తాగేవాళ్ళకి గొంతు దిగేది కాదు. అందులో దానికి కొంచెం సరదా కూడా ఉండేదని నా అనుమానం.

నీళ్ళ లెక్క ఇంకా గట్టిది. రోజు మొత్తానికి ఏడు వందల మిల్లీలీటర్లు. అందులో టీ, చారు, మజ్జిగ, మాత్ర మింగే గుక్క అన్నీ కలిపే. ఒక ప్లాస్టిక్ సీసాకి కూతురి గోళ్ళ రంగుతో గీతలు గీసి పెట్టుకుంది. టీ తాగితే టీ కొలతకి సరిపడా సీసాలోంచి నీళ్ళు మొక్కకి పోసేసేది, మోసం చెయ్యకుండా. దాహం మరీ ఎక్కువైతే ఒక ఐసుముక్క. అది కూడా కరిగితే ఎంతో కొలిచి ఉంచింది. కిలో బరువు పెరిగిందంటే లీటరు నీళ్ళు ఒంట్లో ఉన్నట్టు. మిషను ఎక్కేముందు బరువు, దిగాక బరువు, బీపీ, అన్నీ ఒక నోట్‌బుక్కులో. టెక్నీషియన్ ఎంత తీయాలో చెప్పేలోపు ఇదే చెప్పేసేది. పాపం ఆ కుర్రాడు మొదట్లో చిరాకు పడేవాడట, తరవాత్తరవాత పక్క బెడ్డువాళ్ళ లెక్క కూడా దీన్నే అడిగేవాడట.

2019లో టెన్త్ అయ్యి పాతికేళ్ళని మా బ్యాచ్ అంతా స్కూల్లో కలిశాం. షామియానా, మైకు, శాలువాలు. మగపిల్లలు ఒక్కొక్కరే లేచి చెప్పుకున్నారు: మిలిటరీ, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్, దుబాయ్‌లో రిగ్గర్, అండమాన్‌లో కాంట్రాక్టులు. ఇది లేచి మైకు తీసుకుంది. "నాను సోంపేట డయాలసిస్ సెంటర్లో మూడో నంబరు బెడ్డు ఓనర్ని. వారానికి మూడు రోజులు ఏసీలో పడకుంటాను. ఇక్కడెవులికన్నా ఉందా అంత సుఖం?" అంది. సగంమంది నవ్వారు, సగంమంది తల దించుకున్నారు. నవ్వినవాళ్ళనే అది మెచ్చుకుంది. ఆ ఏడే డయాలసిస్ పేషెంట్ల పింఛను మూడు వేల ఐదు వందల నుంచి పది వేలు అయింది. ప్రమోషన్ వచ్చిందని నాకు ఫోన్ చేసింది.

ఒకసారి ఒక పత్రిక నుంచి కుర్రాడు ఫోటోకి వచ్చాడు. ఏ పత్రికో అనవసరం. ఇది మిషను మీద ఉండి కుడిచేత్తో ఏదో రాసుకుంటోంది. పుస్తకం పక్కన పెట్టి కొంచెం నీరసంగా చూడమ్మా అన్నాడట. "నీరసం నెత్తుర్ల ఉంటాది గానీ మొకంల ఎందుకుంటాదిరా?" అని అడిగింది. అతను అయినా తీశాడు. పేపర్లో వచ్చిన ఫోటోలో దాని మొహం చాలా దీనంగా ఉంది. అసలు సంగతి, లెక్కలో ఎక్కడో రెండొందలు తేడా వచ్చి వెతుక్కుంటోంది.

ఆ పుస్తకం చీటీ పుస్తకం. డయాలసిస్ సెంటర్లో చీటీ నడిపిన మనిషి ఇంకెక్కడైనా ఉందో లేదో నాకు తెలీదు. 2023 ఏప్రిల్‌లో మొదలెట్టింది. ఇరవై మంది, నెలకి రెండు వేలు, ఇరవై నెలలు. సభ్యులు ఎవరంటే తోడు వచ్చే భర్తలు, కొడుకులు, ఊడ్చే ఆయమ్మ, బయట టీ కొట్టు ఆయన, కొందరు పేషెంట్లు, విశాఖ నుంచి నేను. నెలనెలా పాట. మిగతా చీటీల్లాగే ఎవరు ఎక్కువ తగ్గించుకుంటే వాళ్ళకి. ఒక్క నియమం మాత్రం దీని సొంతం. మిషను ఎక్కేవాళ్ళకి మొదటి పది నెలల్లో పాట పాడే హక్కు లేదు, పైగా ఇంట్లోవాళ్ళు ఇంకొకరు సంతకం పెట్టాలి.

ఆ నియమం విని నాకు ఒళ్ళు మండింది. ఇంత రాయిగుండె ఏంటే అన్నాను. "నాను ముందెత్తీసినాననుకో, ఎగ్గొట్టీసి పోతాను. పైకెల్లి వసూలు సేస్తావా?" అంది. ఒక పెద్దాయన కూడా గొడవ పడ్డాడట, అప్పటిదాకా ఉంటానో లేదో, ఆఖర్న ఇస్తే నాకేం లాభమని. ఆయనకి చెప్పిన జవాబు: "నువ్వు లేకపోతే మీ ఆవిడికిస్తాను తాతా. మనం ఉండకపోయినా డబ్బుంటాది కదా." ఆయన సంతకం పెట్టాడు. పెట్టి, ఆరో నెలలో పోయాడు. వాళ్ళావిడ మిగతా నెలలు కట్టింది, తన వంతు వచ్చాక మొత్తం తీసుకుంది. అప్పుడు ఆ నియమం మీద నా అభిప్రాయం కొంచెం మారింది, పూర్తిగా కాదు. చీటీ నడపడం చట్టప్రకారం ఎంతవరకు ఒప్పు అని మాత్రం నన్ను అడగొద్దు.

2023 డిసెంబరు 14న పలాసలో రెండు వందల పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అదే రోజు ఏడు వందల కోట్లతో హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీళ్ళు ఉద్దానానికి తెచ్చే పథకం కూడా. ఎన్నేళ్ళ నుంచో అడుగుతున్న నీళ్ళు. ఆ సంగతి మాట్లాడదామని నేనే ఫోన్ చేశాను. "వచ్చినాయే, కులాయి తిప్పితే దబదబా పడతన్నాయి. నాకే తాగడానికి పర్మిషన్ లేదు" అంది. తరవాత చాలాసేపు నవ్వింది. నాకు నవ్వు రాలేదు. పిల్లలకైనా పనికొస్తాయిలే అని చివర్లో తనే అంది. పిల్లలిద్దరికీ ఏడాదికోసారి క్రియాటినిన్ చూపిస్తుంది. ఆ కాగితాలు చీటీ పుస్తకం వెనక అట్టలోనే పెట్టేది. ఇద్దరికీ ఇప్పటివరకు బాగానే ఉంది.

2024 ఫిబ్రవరిలో ఒక ఆదివారం రాత్రి పోయింది. మర్నాడు డయాలసిస్. వారంలో రెండు రోజులు ఖాళీ వచ్చేది అప్పుడే. ఆ ఖాళీయే చాలామందిని తీసుకుపోతుందని సెంటర్లో అందరికీ తెలుసు, దానికీ తెలుసు. నలభై ఐదు నిండలేదు. మా బ్యాచ్ గ్రూపులో పొద్దుటికల్లా చేతులు జోడించిన బొమ్మలు, ఓం శాంతిలు, కొవ్వొత్తులు వరస. అందులో ఒకడు, నవ్వనివాళ్ళలో ఒకడు, అందరికీ మంచి సందేశం అని ఇంకేదో వీడియో కూడా అక్కడే పెట్టాడు. నేను గ్రూపుని మ్యూట్‌లో పెట్టి రైలెక్కాను. సోంపేట స్టేషన్ అంటే కంచిలిలో ఉంటుంది, అక్కణ్ణుంచి ఆటో. నేను వెళ్ళేసరికే అంతా అయిపోయింది. గుమ్మం పక్కన బొండాలు లేవు. వాళ్ళాయన ఒక మూల కూర్చుని ఉన్నాడు, గల్ఫ్ నుంచి వచ్చి అప్పటికి నెల కూడా కాలేదు. ఇంట్లో ఏడ్చి ఏడ్చి అలిసిపోయిన ఆడవాళ్ళు. డయాలసిస్ సెంటర్ నుంచి ఆయమ్మ వచ్చింది, ఆ టెక్నీషియన్ కుర్రాడు వచ్చాడు. కుర్రాడు ఆ నోట్‌బుక్కు, బరువులదీ బీపీలదీ, అడిగి తీసుకున్నాడు. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఆ నెల చీటీ పాట జరగదనుకున్నాం అందరం. పదకొండో నెల. దినకార్యం అయ్యాక కూతురు అందరికీ ఫోన్లు చేసింది. పుస్తకంలో అన్నీ రాసి ఉన్నాయట. ఎవరు ఎంత కట్టారు, ఎవరు ఎత్తారు, ఎవరికి ఎవరు హామీ, ఎవరిని నమ్మొచ్చు, ఎవరిని రెండుసార్లు అడగాలి. నా పేరు పక్కన "మర్చిపోతాది, ఐదో తారీకున ఫోన్ కొట్టాలి" అని ఉందట. దాని సొంత వాటా ఇరవయ్యో నెలకి రాసుకుంది, అందరికంటే ఆఖర్న. కూతురు మిగతా నెలలు తల్లి పేరున కట్టుకుంటూ పోయి నవంబరులో నలభై వేలూ తీసుకుంది. దేనికి వాడిందంటే, బంగారం విడిపించడానికి సగం, తిత్లీ తరవాత వేసిన కొబ్బరి మొక్కల చుట్టూ కంచెకి సగం.

ఇప్పుడు ఆ పిల్ల కొత్త చీటీ మొదలెట్టింది. నెలకి మూడు వేలు. నియమాలు పాతవే, తల్లి కంటే ఒకటి ఎక్కువ: సంతకంతో పాటు ఆధార్ జిరాక్సు కూడా ఇవ్వాలి. మరీ అంత ఏంటమ్మా అన్నాను. "అమ్మ మొకం సూసి కట్టినారు పిన్నీ. నా మొకం సూసి కడతారేటి?" అంది. జిరాక్సు వాట్సాప్‌లో పంపాను. నిన్న మళ్ళీ ఫోన్ చేసింది.

"పిన్నీ, ఐదో తారీకు దాటిపోయి రెండ్రోజులయింది. ఫోన్‌పే కొట్టు."